ఎండను గెలిచిన రిమోట్

పొదిలిలో మే నెల మధ్యాహ్నం తలుపులు బార్లా తెరిచి ఉంచిన గదిలో, రిమోట్ కొసనున్న బఠాణీ గింజంత ఎల్ఈడీ వెలుగు ఏ మూలకు? రిమోట్ చిమ్మే పరారుణ కాంతి ఎండలోనూ దండిగా ఉంటుంది. అయినా టీవీ మీట మాట వింటుందంటే, రిమోట్ సత్తా కాంతి బలంలో లేదు, కాలాన్ని లెక్కపెట్టడంలో ఉంది. ఇది తెలియకముందు పడ్డ పాట్లు తక్కువేం కాదు. 1955లో జెనిత్ కంపెనీ ఇంజనీరు యూజీన్ పోలీ తుపాకీ ఆకారంలో టార్చి తయారుచేశాడు. టీవీ తెర నాలుగు మూలల్లోని ఫోటోసెల్స్‌పై దాని వెలుగు పడితే చానల్ మారేది. ఎండ పడ్డా మారేది! మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ కాంతినే వదిలేసి, చిన్న సుత్తులు అల్యూమినియం కడ్డీలను కొడితే పుట్టే అతిధ్వనుల్ని వాడాడు. దానికి బ్యాటరీయే అక్కర్లేదు. నన్నడిగితే రిమోట్లన్నిటిలోకీ అందమైనది అదే. కానీ గలగలలాడే చిల్లర నాణేలు కూడా దాన్ని ఏమార్చగలిగేవి.

చివరికి కాంతే మళ్లీ వచ్చింది, ఈసారి లయతో. ఎల్ఈడీ సెకనుకు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది. తిరునాళ్ల రొదలో డప్పు దరువును చెవి పట్టుకున్నట్టు, మూడు కాళ్ల రిసీవర్ ఆ వేగాన్నే పట్టుకుని, నిలకడగా ఉండే ఎండను పక్కన పెడుతుంది. బాగా ప్రచారంలో ఉన్న ఎన్ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల విరామం, ఆ తర్వాత 32 బిట్లు. సున్నాకు 1.125, ఒకటికి 2.25 మిల్లీసెకన్లు. ఇలాంటి రిమోట్‌ను మనమే చేసుకుంటే, ఏటీటైనీ85 లాంటి ఎనిమిది కాళ్ల మైక్రోకంట్రోలర్ 8 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచినప్పుడు, ఒక్కో మిణుకుకు దాదాపు 210 అంగలు వేసే తీరిక దొరుకుతుంది. అయితే దాని లోపలి గడియారం ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే పది శాతం దాకా తప్పొచ్చు, దాన్నెలా నమ్మడం అంటారు. ఒకటి సున్నాకు రెట్టింపు కనుక ఆ మాత్రం తేడాకు బిట్లు తారుమారు కావు. మిణుకు వేగం తప్పితే రిమోట్ పనిచేసే దూరం తగ్గుతుంది. గడియారాన్ని సరిచూసుకుంటే ఆ లోటూ తీరుతుంది.

బజారులో చవగ్గా దొరికేదాన్ని కూర్చుని చేసుకోవడమెందుకన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. కొన్న రిమోట్‌లో నలభై మీటలు ఎవరో పెట్టినవి. చేతులు వణికే పెద్దాయనకు కావాల్సినవి మూడే, అవీ అరచేయంత పెద్దవి. ఏ మీటకు ఏ సంకేతమో ప్రోగ్రాములో మన ఇష్టం. వెలుగు వస్తోందో లేదో ఫోన్ కెమెరాలో చూస్తే చాలు, చాలా ఫోన్లలో ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. మిరప చేలో బోరు మోటారు వేయడానికి మాత్రం ఇది పనికిరాదు. ఈ కాంతి గోడ దాటదు. అక్కడ సిమ్ కార్డు పెట్టిన స్టార్టరే దిక్కు.