కాన్పు ఖర్చు: ఎంత దాచుకోవాలి, ఎంత బీమాకు వదలాలి?

తెలంగాణలో ప్రైవేటు దవాఖానల్లో జరిగే ప్రతి 100 కాన్పుల్లో 81.5 సిజేరియన్లే. సర్కారు దవాఖానల్లో ఈ లెక్క 44.5. దేశం మొత్తమ్మీద అన్ని కాన్పులూ కలిపి చూస్తే 21.5. ఇవి 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు. కాబట్టి నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో ప్రైవేటులో కాన్పు చేయించాలనుకునేవాళ్లు మొదటి రోజు నుంచే సిజేరియన్‌కు సరిపడా డబ్బు లెక్కేసుకోవాలి. మామూలు కాన్పయితే మిగిలింది బాలింతకూ బిడ్డకూ పనికొస్తుంది.

ఎంత కావాలి?

దవాఖానను బట్టి, గదిని బట్టి బిల్లు మారుతుంది. లెక్క కోసం రూ.60,000 అనుకుందాం. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు రూ.2,389. అంటే ఆ బిల్లు 25 క్వింటాళ్ల వడ్లతో సమానం. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండే పొలమైతే, పెట్టుబడి తీయక ముందు ఒక ఎకరం పంట మొత్తం అందులోనే పోతుంది. 2015లో శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరకు మాని వరికి మళ్లిన ఇళ్లు బోధన్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్ల చేతికి వడ్ల పైసలు వచ్చేది ఏడాదికి రెండుసార్లే. కాన్పు మాత్రం కోతల దాకా ఆగదు.

అందుకే పెళ్లయిన కొత్తలోనే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతా తెరవడం మేలు. నెలకు రూ.2,500 కడితే 24 నెలల్లో వడ్డీ కాకుండానే రూ.60,000 జమవుతుంది. గర్భం నిలిచాక మొదలుపెడితే అదే మొత్తానికి నెలకు రూ.6,700 దాకా కట్టాలి.

సర్కారు దవాఖానకు పోతే?

2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు దవాఖానలో కాన్పు పూర్తిగా ఉచితం. సిజేరియన్‌కూ ఇదే వర్తిస్తుంది. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం కూడా ఉచితమే. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. దవాఖానకు తీసుకెళ్లడం, పెద్ద దవాఖానకు తరలించడం, ఇంటికి దింపడం కూడా ఇందులో భాగమే. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేసినా వైద్యం ఉచితం. బోధన్‌లో కష్టమైన కేసు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నిజామాబాద్ జనరల్ దవాఖానకు వెళ్లాల్సి రావచ్చు. ఆ ప్రయాణానికి 108, 102 నంబర్లు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకంలో ఆడపిల్ల పుడితే రూ.13,000, మగపిల్లవాడు పుడితే రూ.12,000 విడతలుగా ఇస్తామన్నారు. ఇలాంటి నగదు సాయం ప్రస్తుతం ఏమేం అందుతోందో ఆశా కార్యకర్తను అడగండి. ఖాతాలో పడేదాకా ఆ డబ్బును ఖర్చు లెక్కలో వేసుకోకండి.

ఆరోగ్య బీమా ఉంది కదా, కాన్పుకు రాదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ప్రసూతి కవరు లేని మామూలు పాలసీ కాన్పు ఖర్చు ఇవ్వదు. సిజేరియన్, కష్టమైన కాన్పు కూడా ఆ మినహాయింపులోకే వస్తాయి. గర్భసంచి బయట గర్భం నిలిస్తే చేసే చికిత్సకు మాత్రం ఇస్తుంది. రూ.5 లక్షల పాలసీ ఉన్న ఇంటికి కూడా కాన్పు బిల్లులో ఒక్క రూపాయి రాకపోవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి ఏడాదికి కుటుంబానికి రూ.10 లక్షలు చేశారు. అది పెద్ద జబ్బుల వేళ ఆదుకుంటుంది గానీ, ప్రైవేటులో చేయించుకునే మామూలు కాన్పుకు దాన్ని నమ్ముకోకండి. తల్లికో బిడ్డకో చిక్కులు వచ్చినప్పుడు మాత్రం ఏ చికిత్స జాబితాలో ఉందో దవాఖానలోని ఆరోగ్యమిత్రను తప్పకుండా అడగాలి.

ప్రసూతి కవరు తీసుకుంటే గిట్టుబాటవుతుందా?

అది వెయిటింగ్ పీరియడ్‌ను బట్టి ఉంటుంది. పాలసీ తీసుకున్నాక ఆ ఖర్చు అడగడానికి ఆగాల్సిన గడువును అలా అంటారు. ప్రసూతికి ఇది చాలా పాలసీల్లో 9 నెలల నుంచి 4 ఏళ్ల దాకా ఉంటుంది. ఈ కవరు కోసం ఏడాదికి అదనంగా రూ.6,000, గడువు మూడేళ్లు, కాన్పుకు ఇచ్చే గరిష్ఠ మొత్తం రూ.50,000 అనుకుందాం. నాలుగో ఏడాదిలో కాన్పయితే అప్పటికి కట్టింది రూ.24,000. రూ.60,000 బిల్లులో రూ.50,000 వస్తుంది, మిగతా రూ.10,000 మీ చేతి నుంచి. మొత్తం పెట్టింది రూ.34,000. అంటే రూ.26,000 మిగిలినట్టే. రెండో ఏడాదిలోనే కాన్పయితే కట్టిన రూ.12,000 పోయి, బిల్లు మొత్తం మీదే పడుతుంది. పిల్లలకు మూడేళ్లు ఆగుదామనుకునే జంటకు ఈ కవరు లాభం. ఏడాదిలోపే అనుకునేవాళ్లకు పొదుపే దారి.

ఇప్పటికే నెల తప్పితే?

సొంతంగా కొనే కొత్త పాలసీ ఈ కాన్పుకు అక్కరకు రాదు. భార్యాభర్తల్లో ఎవరికైనా కంపెనీ గ్రూపు బీమా ఉంటే మాత్రం వెంటనే చూడండి. వాటిలో చాలావరకు గడువు లేకుండానే ప్రసూతి ఖర్చు ఇస్తాయి. అయితే భార్య పేరు పెళ్లయిన వెంటనే చేర్పించి ఉండాలి. గల్ఫ్‌లో ఉన్న భర్తకు అక్కడి కంపెనీ ఇచ్చిన బీమా ఇక్కడ చెల్లుతుందని అనుకోవద్దు. ఏ దేశంలో, ఎవరికి వర్తిస్తుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

నెలకు రూ.21,000 లోపు జీతమున్న ఉద్యోగికి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా ఉండొచ్చు. రూ.20,000 జీతం నుంచి నెలకు కోసేది రూ.150. చందా కట్టిన ఉద్యోగిని అయితే మొదటి రెండు కాన్పులకు 26 వారాల పూర్తి జీతం, అంటే సుమారు రూ.1.2 లక్షలు అందుతుంది. అందుకు అంతకుముందు ఏడాదిలో కనీసం 70 రోజుల చందా కట్టి ఉండాలి. భర్తకు ఈఎస్‌ఐ ఉంటే భార్యకు వైద్యం దొరుకుతుంది గానీ ఈ జీతం రాదు.

పాలసీలో ముందు చూడాల్సింది ఏమిటి?

పుట్టిన బిడ్డ గురించి రాసిన వాక్యం. కాన్పు ఏ నెలలో వస్తుందో, సుమారు ఎంతవుతుందో మనకు ముందే తెలుసు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఐసీయూలో ఎన్ని రోజులు ఉంచాలో ఎవరూ చెప్పలేరు. అక్కడ బిల్లు రోజు రోజుకూ పెరుగుతుంది. కొన్ని పాలసీలు బిడ్డను పుట్టిన రోజు నుంచే చేర్చుకుంటాయి, కొన్ని 90 రోజులు నిండాకే చేర్చుకుంటాయి. కాన్పుకు రూ.10,000 ఎక్కువిచ్చే పాలసీ కంటే మొదటి రోజు నుంచి బిడ్డకు రక్షణ ఇచ్చేది నయం. ఏజెంటు నోటి మాట సరిపోదు, పాలసీ కాగితంలో ఆ వాక్యం చూపించమనండి.

తర్వాత గది అద్దె చూడండి. పాలసీ రోజుకు రూ.2,000 దాకా ఒప్పుకుంటే, మీరు రూ.4,000 గది తీసుకున్నారనుకోండి. తగ్గేది అద్దె ఒక్కటే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల్లోనూ సగమే రావచ్చు.

మూడోది ఊరు. మన దగ్గర తొలి కాన్పు తల్లిగారింట్లో చేస్తారు. అల్లుడు హైదరాబాద్‌లో పాలసీ తీసుకుని, కాన్పు బోధన్‌లో అయితే, క్యాష్‌లెస్, అంటే చేతి నుంచి కట్టకుండా బీమా సంస్థే నేరుగా చెల్లించే సదుపాయం అక్కడి దవాఖానలో ఉందో లేదో ఏడో నెలలోపే కనుక్కోవాలి. బీమా నియంత్రణ సంస్థ 2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి నాటి తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే ఈ నిబంధన చెప్పి అడగండి. ఇక పాలసీ ధర సంగతి: సొంతంగా కొనే ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. పాత పన్నుతో రూ.11,800 అయ్యే పాలసీకి ఇప్పుడు రూ.10,000 కడితే చాలు.

మొత్తమ్మీద, తెలిసిన ఖర్చుకు పొదుపు, తెలియని ప్రమాదానికి బీమా. పెళ్లయిన కొత్త జంటైతే ఈ నెలే పొదుపు ఖాతా తెరిచి, బిడ్డను తొలిరోజు నుంచి చేర్చుకునే పాలసీ వెతకండి. నెల తప్పినవాళ్లు సర్కారు దవాఖానలో పేరు నమోదు చేయించుకోండి. ప్రైవేటుకే వెళ్లాలనుకున్నా ఆ నమోదు అలాగే ఉంచండి. ప్రైవేటులో చేయించుకునేవాళ్లు మామూలు కాన్పుకు ఎంత, సిజేరియన్‌కు ఎంత, బిడ్డను ఐసీయూలో ఉంచితే రోజుకు ఎంత అని మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం ఏడో నెల నిండేలోపు ఇంట్లో ఉంటే నొప్పులు మొదలైన రాత్రి అప్పు కోసం ఎవరి తలుపూ తట్టాల్సిన పని రాదు.