తెలిసినా చేయి కదలదేం?

లెక్కల టీచరుగా నేను చాలాకాలం ఒక లెక్క తప్పు వేసుకున్నాను. ఒకే లెక్కను మూడు పద్ధతుల్లో చేయగల పిల్లలు బతుకులో వచ్చే చిక్కులను కూడా అలాగే దాటేస్తారని అనుకునేదాన్ని.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఒక పద్ధతి పనిచేయకపోతే ఇంకోటి ఇట్టే పట్టుకునేది. ప్రీ-ఫైనల్‌లో సైన్సు మార్కులు పడిపోయాక బడి మానేసింది. మానడానికి కారణాలూ అంతే చురుగ్గా దొరికాయి. కడుపునొప్పి, చెల్లికి జ్వరం, "ఇంట్లోనే చదువుకుంటున్నా టీచర్". అన్నిటి వెనకా ఉన్నది భయం. చదివింది చాలు, టైలరింగ్ నేర్పిద్దామని వాళ్ల అబ్బా అప్పటికే అంటున్నారు.

ఆ అమ్మాయికి ఉన్నదాన్ని మనస్తత్వ శాస్త్రంలో కాగ్నిటివ్ ఫ్లెక్సిబిలిటీ అంటారు, అంటే ఆలోచనలో పట్టువిడుపు. దాన్ని కొలిచే విస్కాన్సిన్ కార్డుల పరీక్ష 1948 నాటిది. కార్డులను రంగును బట్టి పేర్చాలో, ఆకారాన్ని బట్టో, సంఖ్యను బట్టో చెప్పరు. పెట్టినది ఒప్పా తప్పా అన్నదే చెబుతారు. వరుసగా పది ఒప్పులు రాగానే చెప్పకుండా నియమం మార్చేస్తారు. పాత నియమాన్ని ఎంత త్వరగా వదులుకుంటామన్నదే పరీక్ష.

మూడేళ్ల పిల్లలకు ఇంకా తేలికైన ఆట ఉంది. రంగును బట్టి పేర్చాక, ఇప్పుడు ఆకారాన్ని బట్టి పేర్చమంటారు. కొత్త నియమం ఏమిటని అడిగితే చాలామంది సరిగ్గానే చెబుతారు, చేయి మాత్రం రంగు వైపే పోతుంది. అయిదేళ్లకు ఎక్కువమంది దీన్ని దాటేస్తారు. ఇది చదివి మొదట నవ్వుకున్నాను, ఆ తర్వాత ఆ అమ్మాయి గుర్తొచ్చింది.

ఆమెకు కొరవడింది సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ, మనసులో పట్టువిడుపు. అమెరికా మనస్తత్వవేత్త స్టీవెన్ హేస్, ఆయన సహచరులు 1980ల నుంచి రూపొందించిన 'యాక్ట్' అనే చికిత్సా పద్ధతికి ఇదే కేంద్రం. భయమో సిగ్గో పోయేదాకా ఆగకుండా, దాన్ని ఉండనిచ్చి మనకు ముఖ్యమైన పని వైపు నడవడం. అవసరమైతే తీరు మార్చుకోవడం, అవసరమైతే మార్చకుండా నిలబడటం. ఈ నిలబడటం సంగతి మనం తరచూ మరిచిపోతాం.

మొదటిది లేకుండా రెండోది కష్టమే. 'నాకు రాదు' అన్నది ఒక ఆలోచన మాత్రమేనని గుర్తించాలంటే ఇంకో వైపు నుంచి చూడగలగాలి. కానీ మొదటిది ఒక్కటే ఉంటే, ఆ తెలివి తప్పించుకునే దారులు వెతకడానికీ పనికొస్తుంది.

నాలాంటి టీచర్లమూ, పిల్లలను చూడటానికి వచ్చే దాతలూ "భయపడకు" అని వీపు తడతాం. భయం పోతేనే పరీక్ష రాయాలని పిల్లలకు అర్థమవుతుంది. ఆ అమ్మాయిని నేను వేరేలా అడిగాను: "భయం ఉండనీ బేటీ, దానితోనే రేపు ఎంతసేపు కూర్చోగలవు?" ఒక పీరియడ్ అంది. మర్నాడు వచ్చి, చివరి బెంచీలో ఒక్క పీరియడ్ కూర్చుని వెళ్లింది. వారం తర్వాత మధ్యాహ్నం దాకా ఉంది. సైన్సు పరీక్ష రోజు గేటు దగ్గర నా చేయి పట్టుకుంటే వేళ్లు చల్లగా ఉన్నాయి. "పోలేదు టీచర్" అని లోపలికి వెళ్లింది.