పాత జీతానికీ కొత్త కోడుకీ నడుమ

చెరకు రైతు చేతికి డబ్బు ఏడాదికి ఒక్క విడతే వస్తుంది. పంట నరికి మిల్లుకు తోలినా, బెల్లం వండి అనకాపల్లి మార్కెట్‌కు చేర్చినా, సొమ్ము చేతపడే దాకా అప్పులతో, తాకట్లతో ఇల్లు నెట్టుకురావాలి. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన సరిగ్గా ఈ ఎదురుచూపునే కొలిచింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందోసారి, కోత తర్వాత మరోసారి బుద్ధి పరీక్షలు పెట్టారు. అదే మనిషి, అదే బుర్ర. డబ్బు చేతికొచ్చాక మార్కులు పెరిగాయి. మిల్లును బట్టి కోత తేదీలు రైతు రైతుకూ మారతాయి కనుక ఇది ఎండాకాలం, వానాకాలం తేడా అని కొట్టిపారేయడం కష్టం. ఇదే కోవలో కొరత గురించి చేసిన ప్రయోగాలు ఇరవైని 2021లో మరో బృందం మళ్లీ చేసి చూస్తే, చాలావాటిలో మొదట చెప్పినంత ప్రభావం కనిపించలేదు. అందుకని తేడా ఎంత అన్నదాన్ని పట్టుకుని వేలాడనవసరం లేదు. అయినా డబ్బు బెంగ మెదడులో చోటు ఆక్రమిస్తుందన్న సంగతి నెలాఖరు చూసిన ప్రతి ఇంటికీ తెలిసిందే.

ఈ కబురు అనకాపల్లి జిల్లా కుర్రకారుకు బాగా పనికొస్తుంది. పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) కెమిస్టు, అచ్యుతాపురం సెజ్‌లో మెషీన్ల దగ్గర నిలబడే మెకానికల్ డిప్లొమా కుర్రాడు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ, ఇలాంటివాళ్లు పాతిక, ముప్ఫై ఏళ్ల వయసులో సాఫ్ట్‌వేర్ వైపు మళ్లుతున్నారు. కొందరు ఉద్యోగం వదిలి కోచింగ్ కోసం హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్లకు వెళ్తారు. కొందరు నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి ఫోన్లో పైథాన్ పాఠాలు పెట్టుకుంటారు. రుషికొండ ఐటీ హిల్స్‌లో 2023లో ఇన్ఫోసిస్ కార్యాలయం తెరిచారు. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించారు. ఆశ పెరగడంలో తప్పు లేదు. అయితే నేర్చుకోవడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు వీళ్ల నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది: “నా బుర్రకెక్కట్లేదు.” బుర్ర మీద ఇచ్చేసుకున్న ఆ తీర్పు చాలావరకు పొరపాటని విజ్ఞానం చెబుతోంది.

కోడ్ చదివేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో అమెరికాలోని ఎంఐటీలో ఆనా ఇవానోవా, ఎవెలీనా ఫెడొరెంకో బృందం స్కానర్లతో పరిశీలించి 2020లో ప్రచురించింది. పైథాన్ చదువుతున్నప్పుడు బాగా చురుగ్గా పనిచేసినవి భాషా కేంద్రాలు కావు. మనసులో లెక్కలు కట్టడం, తర్కం నడపడం, నాలుగు విషయాలు ఒకేసారి గుర్తుపెట్టుకోవడం వంటి కష్టమైన పనులన్నిటికీ ముందుకొచ్చే ఉమ్మడి వ్యవస్థ అక్కడ ప్రధానంగా కనబడింది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు దీన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. ఇంటర్వ్యూకి ఇంగ్లిష్ కావాలి, అది వేరే సాధన. ఒక లూప్ ఎలా తిరుగుతుందో అర్థం కాకపోవడానికి మాత్రం మీ ఇంగ్లిష్‌ను నిందించకండి.

చిక్కు ఆ ఉమ్మడి వ్యవస్థ పరిమితిలో ఉంది. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచగలిగేవి సుమారు నాలుగు అంశాలేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కవాన్ 2001లో లెక్కగట్టాడు. దిగులు కూడా ఆ చోటులోనే కూర్చుంటుంది. వచ్చే నెల ఫీజు, చెల్లి పెళ్లి, నాన్న ముఖం, ఈ మూడింటికీ చోటిచ్చాక వేరియబుల్‌కు మిగిలేదెంత?

మరి అనుభవజ్ఞులు అంత సులువుగా ఎలా రాస్తారు? 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగంలో దీనికి జవాబుంది. నిజమైన ఆటలోని బల్లను కొన్ని క్షణాలు చూపిస్తే దిగ్గజాలు కొత్తవాళ్లకన్నా చాలా ఎక్కువ పావుల స్థానాలు గుర్తుకు తెచ్చుకున్నారు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే వాళ్లకూ కొత్తవాళ్లకూ తేడా దాదాపు పోయింది. వాళ్ల జ్ఞాపకశక్తి ప్రత్యేకం కాదు. ఏళ్ల తరబడి ఆడి ఆడి, పావుల గుంపుల్ని ఒక్కో ముద్దగా చూడటం అలవాటైంది. క్యూసీ ల్యాబులో అయిదేళ్లు పనిచేసిన అమ్మాయి క్రొమటోగ్రామ్‌లో పీక్ చూడగానే ఇందులో తేడా ఉందని పసిగడుతుంది. అదీ ఇలాంటి నేర్పే. అదే అమ్మాయి కోడ్ ముందు కూర్చుంటే పావులు చల్లిన బల్లే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల ఫ్రెషర్‌కు ఇది అంత నొప్పి కాదు, దేనిలోనూ ఆరితేరిన రుచి తనింకా చూడలేదు గనుక. ఒక పనిలో చేయి తిరిగిన మనిషికి మళ్లీ ఓనమాల దగ్గర కూర్చోవడం బాధ. ఆ బాధను ఇంట్లోవాళ్లు గుర్తించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

జీతం ఆగితే పోయేది డబ్బొక్కటే అనుకుంటాం. 1929-30లో ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడింది. ఊరు ఊరంతా పని కోల్పోయింది. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడటం చూసినవాళ్లకు ఇలాంటి దృశ్యం కొత్త కాదు. మారీ జహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ ఆ ఊళ్లో కొన్ని నెలలు గమనించి 1933లో పుస్తకం వెలువరించారు. బోలెడంత తీరిక దొరికినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం కూడా తగ్గింది. పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే చెప్పలేకపోయారు. ఉద్యోగం జీతంతో పాటు దినచర్యకు ఒక చట్రాన్ని, నలుగురి సావాసాన్ని, నలుగురిలో ఒక గుర్తింపును ఇస్తుందని జహోదా తర్వాత సిద్ధాంతీకరించింది. ఉద్యోగం వదిలి పూర్తికాలం చదువుకు కూర్చున్నవాళ్లు “రోజంతా ఖాళీయే, అయినా ఏమీ చదవలేకపోతున్నా” అని తమను తాము తిట్టుకుంటారు. బద్ధకమని తిట్టుకోనక్కర్లేదు. చట్రం ఊడిపోయింది, మళ్లీ బిగించుకోవాలి. ఫలానా గంటకు ఇల్లు దాటి లైబ్రరీకి వెళ్లడం, ఫలానా గంటకు ఆపేయడం, మధ్యాహ్నం ఎవరితోనైనా కలిసి తినడం, ఇవి కోర్సులో భాగమే.

అందుకే వీలున్నంత కాలం పాత ఉద్యోగం వదలొద్దనేది నా అభిప్రాయం. దానికీ ఒక ధర ఉంది, నిద్ర. 2007లో మాథ్యూ వాకర్ బృందం రాత్రంతా మేలుకోబెట్టినవాళ్లకు కొత్త విషయాలు చూపిస్తే, నిద్రపోయినవాళ్లకన్నా తక్కువే గుర్తుంచుకున్నారు. కొత్త జ్ఞాపకాలు పోగుచేసే హిప్పోక్యాంపస్ ఆ స్థితిలో మందగించింది. నైట్ షిఫ్టు దిగి కళ్లు మండుతుంటే మూడు గంటల పాఠం చూడటం పట్టుదలగా కనిపిస్తుంది గానీ దక్కేది తక్కువ. ముందు పడుకోండి.

ఇక ఇంటర్వ్యూ. మనిషిలో ఒత్తిడిని పుట్టించాలంటే ఏం చేయాలని శాస్త్రవేత్తలు వెతికి 1993లో జర్మనీలోని ట్రీయర్ నగరంలో ఒక పద్ధతి రూపొందించారు. అది అచ్చంగా ఉద్యోగ ఇంటర్వ్యూయే! ముఖంలో ఏ భావమూ చూపించని ప్యానెల్ ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత 1022 నుంచి పదమూడేసి తీసేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికి. ఆరోగ్యవంతుల్లోనూ ఒత్తిడి హార్మోను కార్టిసాల్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగింది. 2004లో డికర్‌సన్, కెమెనీ ఇలాంటి 208 అధ్యయనాలను కలిపి చూశారు. ఫలితం తన చేతిలో లేకపోవడం, ఎవరో తనను తూకం వేస్తూ ఉండటం, ఈ రెండూ కలిసినప్పుడు కార్టిసాల్ బాగా ఎక్కువగా పెరుగుతోంది. కోడింగ్ రౌండులో చేతులు వణికితే ప్రయోగశాల ఊహించినట్టే జరిగిందన్నమాట.

తూకం వేసేది ప్యానెల్ ఒక్కటే కాదు. “ఏటమ్మా, మీవోడికి ఇంకా కబురేటీ రాలేదా?” అని నూకాలమ్మ జాతరలో అడిగే పెద్దమ్మ కూడా ప్యానెలే. ఆ ప్రశ్నకు భయపడి కొందరు ఉద్యోగం మానేసిన సంగతే దాస్తారు. మరికొందరు డబ్బులు కట్టి, లేని అనుభవం ఉన్నట్టు దొంగ పత్రాలతో చేరతారు. రహస్యాల మీద 2017లో మైకేల్ స్లెపియన్ బృందం చేసిన అధ్యయనాల్లో, మనుషుల్ని ఎక్కువగా నలిపింది ఎదుటివాళ్ల ముందు దాచిన క్షణాలు కావు, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదే పదే ఆ రహస్యం దగ్గరికే పోవడం. పట్టుబడతానేమోనని ప్రతి ఫోన్‌కూ ఉలిక్కిపడుతూ ఉద్యోగం చేయడం ఎంత నరకమో చెప్పనక్కర్లేదు. కనీసం ఒక్క మనిషికైనా ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈ దారిలో నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించింది మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1980లు, 90లలో నడిపిన ‘జాబ్స్’ కార్యక్రమం. ఉద్యోగం పోయినవాళ్లను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి కొన్ని పూటలు తర్ఫీదిచ్చారు. అందులో కీలకమైన అంశం ఎదురుదెబ్బకు ముందే సిద్ధపడటం: ‘వద్దన్నారనుకో, ఆ సాయంత్రం ఏం చేస్తావు? ఎవరికి ఫోన్ చేస్తావు?’ అని అందరూ కలిసి జవాబులు తయారుచేసుకోవడం. ఎవరు చేరాలో చీటీలు తీసినట్టు నిర్ణయించి పోల్చారు కనుక ఫలితాన్ని నమ్మొచ్చు. చేరినవాళ్లలో కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. ముందే కుంగుబాటు ముప్పు ఎక్కువున్నవాళ్లకు మేలూ ఎక్కువ జరిగింది. ఇందుకు పెద్ద సంస్థ అవసరం లేదు. అనకాపల్లిలోనో చోడవరంలోనో నలుగురైదుగురు ఆదివారం ఒక మేడమీద కూర్చుని, ఒకరికొకరు మాక్ ఇంటర్వ్యూలు చేసుకుని, ఆ ‘వద్దన్నారనుకో’ ప్రశ్నకు జవాబులు రాసుకుంటే చాలు. డబ్బు సంగతి కూడా అక్కడే తేల్చుకోవచ్చు: ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉంది, ఏ తేదీ దాకా ప్రయత్నం, ఆ తర్వాత ఏమిటి. తేదీ తెలిస్తే ఇంట్లోవాళ్లు రోజూ అడగడం కూడా తగ్గుతుంది.

ఇన్ని చేసినా దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, నిద్రా ఆకలీ చెడితే, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోతే, బతకాలనిపించకపోతే, అక్కడ కావాల్సింది వైద్యసాయం. చివరిది కనిపిస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చెప్పాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ సహాయ సేవ టెలి మానస్‌లో ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. నేరుగా వెళ్లాలంటే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చికిత్స తీసుకున్నట్టు తెలిస్తే రేపు ఏ కంపెనీ తీసుకోదేమోనని భయపడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా వాళ్లు ఆ వివరాలు ఏ కంపెనీకీ ఇవ్వకూడదు.