ఐదుగురు పొడగరులు, 80 నిమిషాలు

అమెరికా వచ్చిన కొత్తలో మనలో చాలామందికి బాస్కెట్‌బాల్ పరిచయమయ్యేది మార్చి నెలలోనే. ఆఫీసులో ఎవరో ఒక కాగితం తెచ్చి టేబుల్ మీద పెడతారు. అందులో అన్నీ కాలేజీల పేర్లే. ఏది గెలుస్తుందో రాయమంటారు. మనం చదివిన యూనివర్సిటీ కనబడితే దానికి, లేకపోతే పేరు బాగున్నదానికి ఓటేసి ఊరుకుంటాం. క్రికెట్ చూస్తూ పెరిగిన ప్రాణాలు మరి! పిల్లలు పెద్దవాళ్ళయి స్కూలు జట్టు ట్రయౌట్లకు వెళ్ళడం మొదలుపెట్టాక గానీ ఈ ఆటలో అసలు గొడవ ఎక్కడుందో తెలిసిరాదు. అది స్కోరు గురించి కాదు. "మావాణ్ణి ఎన్ని నిమిషాలు ఆడించాడు?" అన్నదాని గురించి.

క్రికెట్‌లో ఈ బాధ తక్కువ. పదకొండు మందిలో పేరుంటే రోజంతా మైదానం నీదే (ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చాక అక్కడా కొంచెం మారిందనుకోండి). బాస్కెట్‌బాల్‌లో కోచ్ ఎవరినైనా, ఎన్నిసార్లయినా లోపలికి పంపవచ్చు, బయటికి పిలవవచ్చు. అందుకే ప్రతి నిమిషానికీ ఒక లెక్క ఉంటుంది.

పురుషుల కాలేజీ ఆట 40 నిమిషాలు. ఒక్కో జట్టు నుంచి ఐదుగురు, అంటే మొత్తం 200 నిమిషాలు. బుట్ట దగ్గర నిలబడి రీబౌండ్లు పట్టేవాళ్ళను, షాట్లు అడ్డుకునేవాళ్ళను 'బిగ్ మెన్' అంటారు. మన భాషలో పొడగరులు అనుకుందాం. వాళ్ళకు మామూలుగా రెండు స్థానాలే ఉంటాయి. అంటే కోచ్ చేతిలో ఉన్నది 80 నిమిషాలు. పొడగరులు ఇద్దరే ఉంటే చిక్కు లేదు. ఐదుగురుంటే?

2014-15లో కెంటకీ విశ్వవిద్యాలయం కోచ్ జాన్ కాలిపారికి వచ్చిన చిక్కు సరిగ్గా అదే. ఏడడుగుల విల్లీ కాలీ-స్టైన్, ఏడడుగుల డకారి జాన్సన్, 6 అడుగుల 11 అంగుళాల కార్ల్-ఆంథనీ టౌన్స్, 6 అడుగుల 10 అంగుళాల ట్రే లైల్స్, 6 అడుగుల 9 అంగుళాల మార్కస్ లీ. వీళ్ళలో ప్రతి ఒక్కరూ వేరే కాలేజీలో ఉంటే మొదటి నిమిషం నుంచి ఆడగలిగినవాళ్ళే. ఇంటర్‌లో ర్యాంకు తెచ్చుకున్నవాళ్ళందరినీ ఒకే సెక్షన్‌లో కూర్చోబెట్టినట్టయింది.

కాలిపారి ఏం చేశాడంటే, జట్టును రెండు దళాలుగా విడగొట్టాడు. దీన్నే ప్లాటూన్ పద్ధతి అన్నారు. మొదటి దళంలో టౌన్స్, కాలీ-స్టైన్. రెండో దళంలో జాన్సన్, లీ, లైల్స్. నాలుగైదు నిమిషాలకోసారి ఐదుగురూ బయటికి, మరో ఐదుగురు లోపలికి. ఎదుటి జట్టుకు ఆయాసం తగ్గేలోపల కొత్త కాళ్ళు వచ్చిపడేవి. 2014 నవంబరులో కాన్సాస్ లాంటి పేరున్న జట్టును 72-40తో ఓడించారు. చూసినవాళ్ళకు అది ఆటలా కాదు, షిఫ్టుల్లో నడిచే ఫ్యాక్టరీలా కనిపించింది.

సర్వర్ల మధ్య పనిభారం పంచడం నా వృత్తి. నాకు ఈ పద్ధతి చూడగానే ముచ్చటేసింది. సమానంగా పంచు, ఎవరి మీదా బరువు పడనీయకు. కానీ సర్వర్‌కు మొహం మాడ్చుకోవడం రాదు, దానికి ఫౌళ్ళు పడవు, ఊళ్ళో ఎదురుచూసే అమ్మా నాన్నా ఉండరు.

ఫౌళ్ళ సంగతి కాస్త చెప్పుకోవాలి. పొడగరుల లెక్క మిగతావాళ్ళకన్నా వేరుగా ఉండేది ఇక్కడే. కాలేజీ ఆటలో ఐదు ఫౌళ్ళు పడితే ఇక ఆ రోజుకు సెలవు. ఎదుటివాడు బుట్ట మీదికి దూసుకొచ్చినప్పుడు అడ్డం నిలబడేది పొడగరే కాబట్టి ఫౌళ్ళు ఎక్కువ పడేదీ అతనికే. మొదటి సగంలో రెండు పడగానే చాలామంది కోచ్‌లు కూర్చోబెట్టేస్తారు. అదే 2015 ఫైనల్‌లో డ్యూక్ జట్టు మూలస్తంభం జలీల్ ఓకాఫర్ నాలుగు ఫౌళ్ళతో రెండో సగంలో చాలాసేపు బెంచి మీదే ఉన్నాడు. ఆ వేళ అమైల్ జెఫర్సన్ అనే మరో పొడగరి నిలబడకపోతే 68-63తో కప్పు వచ్చేది కాదేమో. మూడో పొడగరి, నాలుగో పొడగరి ఉండటం దర్జా కోసం కాదు, అదొక బీమా. బీమా కాగితానికి మాత్రం బీరువాలో పడి ఉండటం ఇష్టం ఉండదు కదా, బాధంతా అక్కడే!

పిల్లలూ, ఇంకో సంగతి గమనించండి. నిమిషాలు పంచడమంటే ఎవరికెన్ని అన్నదే కాదు, ఎవరి పక్కన ఎవరు అన్నది కూడా. కాలీ-స్టైన్ ఎదుటి జట్టు పొట్టి ఆటగాళ్ళ వెంట కూడా పరుగెత్తి ఆపగలడు, కానీ దూరం నుంచి బంతి వేయలేడు. టౌన్స్ వేయగలడు. అందుకే ఆ ఇద్దరూ కలిసి నప్పారు. జాన్సన్ బరువైనవాడు, బుట్ట కిందే అతని బలం. తనలాంటి ఇంకొకడు పక్కనుంటే ఇద్దరూ ఒకే చోట ఇరుక్కుంటారు. ఒకే వంటింట్లో ఇద్దరూ పులుసే పెడతామంటే అన్నం ఎవరు వండుతారు?

2014 డిసెంబరులో అలెక్స్ పోయ్‌త్రెస్‌కు ప్రాక్టీసులో మోకాలి లిగమెంటు తెగింది. దాంతో అచ్చంగా ఐదుగురికి ఐదుగురు అనే పద్ధతి ఆగిపోయింది. నా దృష్టిలో కాలిపారి అసలు పనితనం ఆ తరువాతే కనిపించింది. లైల్స్‌ను పక్క స్థానానికి జరిపి, ఒక్కోసారి ముగ్గురు పొడగరులను ఒకేసారి ఆడించాడు. సీజన్ చివరికి సగటులు ఇలా తేలాయి: కాలీ-స్టైన్‌కు సుమారు 26 నిమిషాలు, లైల్స్‌కు 23, టౌన్స్‌కు 21, జాన్సన్‌కు 16, లీకి 11. జట్టు మొత్తంలో ఎవరికీ సగటున 30 నిమిషాలు దక్కలేదు. అయినా వరసగా 38 ఆటలు గెలిచారు.

ఓడింది ఒక్కటే. 2015 ఏప్రిల్ 4న ఇండియానాపోలిస్‌లో సెమీఫైనల్, విస్కాన్సిన్ చేతిలో 71-64. విస్కాన్సిన్ దారి పూర్తిగా వేరు. వాళ్ళ పొడగరి ఫ్రాంక్ కమిన్‌స్కీ ఆ సీజన్‌లో సగటున 30 నిమిషాలకు పైగా ఆడినవాడు. ఆ రాత్రి 20 పాయింట్లు, 11 రీబౌండ్లు. కెంటకీ మాత్రం చివరి నిమిషాల్లో షాట్ వేయడానికి ఉన్న గడువు కూడా దాటించుకుంది, అదీ వరసగా మూడుసార్లు. బంతి ఎవరి చేతికి వెళ్ళాలో తేల్చుకోవలసిన సమయం అది. సీజనంతా పదిమందికీ పంచి వడ్డించిన జట్టుకు ఆ ఒక్క క్షణంలో "ఇది నీది" అనడం అలవాటు కాలేదేమో అని నాకనిపిస్తుంది. అదే టౌన్స్ అంతకుముందు ఆటలో నోటర్‌డేమ్ మీద 25 పాయింట్లు కొట్టి 68-66తో గట్టెక్కించాడు మరి.

ఆ జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగింది. ఆటకు 21 నిమిషాలే ఆడిన టౌన్స్‌ను మిన్నెసోటా మొట్టమొదటగా ఎంచుకుంది. కాలీ-స్టైన్ ఆరో స్థానం, లైల్స్ పన్నెండు. తక్కువ నిమిషాలు ఆడితే ఎవరి కంటా పడమేమో అన్న భయం వాళ్ళ ముగ్గురి విషయంలో నిజం కాలేదు. జాన్సన్ 48వ స్థానం దాకా ఆగవలసి వచ్చింది. లీ అప్పటికి కెంటకీలోనే ఉండిపోయి, 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారాడు. అప్పటి నిబంధన ప్రకారం కాలేజీ మారినందుకు ఒక సీజన్ ఆడకుండా కూర్చున్నాడు. పంపకం బాగుందని పొగిడేవాళ్ళు లీ పేరు చెప్పరు. ఆ 38 గెలుపుల్లో అతని 11 నిమిషాలూ ఉన్నాయి.

ఇవాళైతే అలాంటి ఐదుగురు ఒకచోట నిలవడం కష్టం. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. కాలేజీ మారితే ఏడాది కూర్చోవాలన్న షరతు కూడా సడలిపోయింది. నిమిషాలు చాలని నాలుగో పొడగరి వసంతం రాగానే సంచి సర్దుకుంటాడు. కాలిపారి కూడా 2024లో కెంటకీ వదిలి అర్కన్సాస్‌కు వెళ్ళాడు.

వచ్చే మార్చిలో పిల్లలతో కలిసి ఆట చూసేటప్పుడు కాసేపు బంతిని వదిలేయండి. స్కోరు రాసే బల్ల దగ్గరికి ఎవరు వచ్చి కూర్చుంటున్నారో, లోపలి నుంచి ఎవరు బయటికి వస్తున్నారో చూడండి. వచ్చినవాడు బెంచి మీద ఎక్కడ కూర్చుంటాడో, కోచ్ వైపు చూస్తాడో లేదో మీ అబ్బాయి మీకన్నా ముందే కనిపెడతాడు.