సుస్థిర సాగులో మహిళా రైతు సంఘాల పాత్ర: ఉమ్మడి వరంగల్ నేర్పే విషయాలు

సుస్థిర వ్యవసాయ పద్ధతులను విస్తరణ సిబ్బంది సాధారణంగా ఒక్కొక్క రైతుకు, ఒక్కొక్క ఎకరానికి లెక్కగట్టి వివరిస్తారు. ఎకరానికి ఎన్ని బుట్టలు, ఎన్ని లీటర్ల కషాయం, ఎంత ఖర్చు అన్న రీతిలో సూచనలు సాగుతాయి. అయితే వీటిలో చాలా పద్ధతులు ఒక్క ఎకరంలో పనిచేసేవి కావు. చుట్టుపక్కల పొలాలన్నీ ఒకే వారంలో ఒకే పని చేసినప్పుడే అవి ఫలితమిస్తాయి. ఎకరం, ఎకరంన్నర సాగు చేసుకునే మహిళా రైతు విషయంలో ఈ సత్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆమెకు సంఘం కేవలం సంక్షేమ ఏర్పాటు కాదు. విత్తనం, ఎరువు లాగానే అది కూడా సాగుకు కావలసిన ఒక ఉత్పాదకం. ఈ దృష్టితో చూస్తే ఉమ్మడి వరంగల్ జిల్లా అనుభవం విస్తరణ శాస్త్రజ్ఞులకూ విద్యార్థులకూ ఎంతో ఉపకరిస్తుంది.

2016లో విభజనకు ముందున్న వరంగల్ జిల్లా ఇప్పుడు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాలుగా ఉంది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువుల కింద వరి పండినా, విశాలమైన మెట్ట భూముల్లో పత్తిదే ఆధిపత్యం. 1997-98లో పత్తిపై పొగాకు లద్దె పురుగు, శనగ పచ్చ పురుగు విజృంభించాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పుల పాలై పలువురు పత్తి రైతులు ఆత్మహత్య చేసుకోగా, ఆ విషాదంలో వరంగల్ పేరు దేశమంతటా వినిపించింది. ఆ కుటుంబాల్లో మిగిలిన స్త్రీలు అప్పుకు వారసులయ్యారు. భూమికి మాత్రం అందరూ కాలేకపోయారు.

పురుగుకు హద్దులు లేవు

పత్తి సంక్షోభం పతాక శీర్షికలకెక్కక ముందే, జనగామ పరిసరాల ఎర్ర చెల్క నేలల్లో మరొక పురుగు ఒక పాఠం నేర్పింది. అది ఎర్ర గొంగళి పురుగు. వేసవి అంతా దాని కోశస్థ దశ గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో గడుస్తుంది. తొలకరి గట్టిగా పడిన తరువాత సాయంకాలం వేళ రెక్కల పురుగులు గుంపులుగా బయటికి వస్తాయి. ఒక్కొక్క తల్లి పురుగు వందల గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆముదం, వేరుశనగ, కంది, జొన్న చేలను నమిలి, ఆకు అయిపోగానే మందగా పక్క చేనిలోకి నడుస్తాయి. ఎదిగిన గొంగళి ఒంటి నిండా నూగు ఉండటంతో ఆ దశలో మందులు అంతగా పనిచేయవు.

దీని బలహీనత అంతా దీపమే. తొలకరి పడిన రాత్రుల్లో పొలాల వెంట మంటలు వేస్తే, దీపపు ఎరలు పెడితే, గుడ్లు పెట్టకముందే తల్లి పురుగులు వచ్చి పడతాయి. కానీ ఒక్క రైతు మంట వేస్తే పక్క చేల పురుగులు కూడా ఆ చేనికే వస్తాయి. అందరూ ఒకే రాత్రి వేస్తేనే మేలు. వేసవి దుక్కి, చేను చుట్టూ కందకం, అందులో జిల్లేడు కొమ్మల ఎర వంటి తక్కిన పనులకూ ఇదే నియమం వర్తిస్తుంది. 1990 దశకంలో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, స్థానిక స్వచ్ఛంద సంస్థలు కలిసి తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో ఈ పనిని గ్రామాల వారీగా చేపట్టాయి. జనగామ ప్రాంతంలో 'క్రాప్స్' సంస్థ ఇందుకు పూనుకొంది.

లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావి ఆ క్రమంలోనే వెలుగులోకి వచ్చింది. యాభై కుటుంబాలకు అటూ ఇటూగా ఉన్న ఈ చిన్న పల్లె మొదట పురుగుమందులను, తరువాత రసాయన ఎరువులను విడిచిపెట్టింది. 2000 దశకం మధ్యనాటికి గ్రామంలోని భూమి మొత్తాన్ని సేంద్రియ సాగు కిందికి తెచ్చింది. ఏనబావిని ఆదర్శ రైతు కథగా చెప్పడం పరిపాటి అయింది. ఆ కథనం అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది. అక్కడ మారింది ఒక రైతు కాదు, ఊరి నిర్ణయ పద్ధతి. పక్క పొలం నుంచి మందు కొట్టుకొచ్చే భయం లేకపోవడం, కషాయానికి కావలసిన వస్తువులు ఉమ్మడిగా సమకూరడం, సంధి కాలంలో దిగుబడి తగ్గినా అందరూ కలిసి భరించడం అన్నవి ఒక్క ఇంటివల్ల అయ్యే పనులు కావు.

నేటి పత్తి రైతు ఎదుర్కొంటున్న గులాబీ రంగు పురుగు సమస్య కూడా ఇదే స్వభావం కలది. బీటీ పత్తి 2002లోనూ, రెండు జన్యువులున్న రెండవ తరం 2006లోనూ దేశంలో ప్రవేశించాయి. ఆ రెండు విషాలనూ తట్టుకొనే శక్తి ఈ పురుగుకు వచ్చింది. ఎకరానికి రెండు లింగాకర్షక బుట్టలు పెట్టి, బుట్టకు రోజుకు ఎనిమిది మగ పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే సస్యరక్షణ చేపట్టాలన్నది సిఫార్సు. గుడ్డి పూలు గాని, పురుగు చేరిన కాయలు గాని పది శాతానికి చేరినా చర్య తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పంటను జనవరికి మించి సాగదీయకుండా కట్టె తొలగించడం.

ఈ చివరి సూచన దగ్గరే చాలా గ్రామాల్లో పని ఆగిపోతుంది. పత్తి కట్టెను వంటచెరకుగా ఇంటి వెనుక పేర్చి పెడతారు. అందులో మిగిలిన గుడ్డి కాయల్లో పురుగు నిద్రావస్థలో ఉండి మరుసటి పంటకు చేరుతుంది. కట్టెను తీసివేయమని విస్తరణ అధికారి రైతుకు చెబుతాడు. కాని దానిని పేర్చేదీ, దానితో వండేదీ ఆ సమావేశానికి రాని మనిషి. మహిళా సంఘంలో ఈ చర్చ జరిగితే ప్రశ్న మారుతుంది. పొయ్యికి బదులు ఏమిటి? కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపే యంత్రాన్ని సంఘం అద్దెకు తెస్తే ఎకరానికి ఎంత పడుతుంది? కట్టె నిల్వ తప్పదనుకుంటే, కాయలు దులిపి నాశనం చేసే పని ఎవరిది? సాంకేతిక సిఫార్సు అమలు కావడానికి కావలసిన సమాచారం ఈ ప్రశ్నల్లోనే ఉంది.

కషాయం వెనుక కూలి దినాలు

పురుగుమందులు లేని సస్యరక్షణ చవక అన్న మాట పాక్షిక సత్యం. వేప గింజల కషాయాన్నే తీసుకొందాం. ఐదు శాతం ద్రావణానికి వంద లీటర్ల నీటికి ఐదు కిలోల వేప పప్పు పొడి కావాలి. దానిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు పొడి కలిపి సాయంత్రం వేళ పిచికారి చేయాలి. ఎండకు అజాడిరక్టిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఎదిగిన పత్తికి ఎకరానికి రెండు వందల లీటర్ల ద్రావణం అనుకుంటే పది కిలోల పప్పు అవసరం. యాభై ఎకరాలకు మూడు దఫాలు కొట్టాలంటే పదిహేను క్వింటాళ్లు. జూన్, జూలై మాసాల్లో రాలిన వేపకాయలను ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, బూజు పట్టకుండా దాచి, గింజ పగులగొట్టి పొడి చేస్తేనే అంత పప్పు వస్తుంది. విత్తనాలు వేసే రోజులూ అవే.

ఈ శ్రమలో అధిక భాగం స్త్రీలదే. మందు డబ్బాకు పెట్టే ఖర్చు మిగిలినప్పుడు, ఆ మిగులు ఎవరి పని దినాలతో వచ్చిందో సాగు ఖర్చుల పట్టికలో కనిపించదు. కుటుంబ శ్రమ కింద ఒక్క వరుసలో అది కలిసిపోతుంది. సంఘం లేనిచోట సుస్థిర సాగు మహిళకు అదనపు భారంగా మారే ప్రమాదం వాస్తవమైనది. దానిని విస్మరించి సాధికారత గురించి చెప్పడం సరికాదు.

సంఘం ఉన్నచోట అదే పని స్వరూపం మారుతుంది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామం 2003 ప్రాంతంలో పురుగుమందులను విడిచినప్పుడు, వేప గింజలను పొడి చేసే పనిని మహిళా సంఘం యంత్రంతో చేపట్టింది. ఇంట్లో లెక్కకు రాని పని అక్కడ కూలి గిట్టే పని అయింది. 2004-05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఇదే సూత్రాన్ని గ్రామ, మండల మహిళా సమాఖ్యల ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించింది. కషాయాలు, పొడులు అమ్మే దుకాణాలను సంఘ సభ్యులే నడిపారు. పద్ధతులు నేర్పే కార్యకర్తలూ సాగు చేసేవారి నుంచే వచ్చారు. 2009 నాటికి ఈ కార్యక్రమం 13 లక్షల ఎకరాలు దాటింది. పొదుపు కోసం అప్పటికే గ్రామాల్లో అల్లుకొని ఉన్న మహిళా సంఘాల వ్యవస్థ లేకపోతే నాలుగైదేళ్లలో ఇంత విస్తృతి సాధ్యమయ్యేది కాదు.

పొదుపు సంఘం, సాగు సంఘం

అయితే పొదుపు సంఘం ఉన్నంత మాత్రాన సాగు సంఘం ఉన్నట్లు కాదు. నెలకొకసారి డబ్బు కట్టి అప్పు తీసుకోవడానికి పది మంది భూములు ఒకే చోట ఉండనక్కర లేదు. పురుగును అదుపు చేయడానికి ఉండాలి. పొదుపు సంఘాలు ఇరుగుపొరుగు ఇళ్ల ఆధారంగా ఏర్పడతాయి. సాగు సంఘం ఏర్పడవలసింది ఇరుగుపొరుగు చేల ఆధారంగా. ఈ తేడాను గుర్తించని పథకాలు కాగితం మీదే మిగిలాయి.

కలిసి సాగు చేయడంలోని ఇబ్బందులను అర్థశాస్త్రవేత్త బీనా అగర్వాల్ తెలంగాణ, కేరళ మహిళా బృందాలను పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనం చక్కగా చూపింది. తెలంగాణ బృందాలు 2000 దశకం తొలినాళ్లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో, మహిళా సమతా సంస్థ ఆధ్వర్యంలో ఏర్పడినవి. కేరళలో కుటుంబశ్రీ బృందాలు హెక్టారుకు వచ్చే ఉత్పత్తి విలువలోనూ, నికర ఆదాయంలోనూ వ్యక్తిగత సేద్యాన్ని మించిపోయాయి. తెలంగాణ బృందాలు ఉత్పత్తిలో వెనుకబడ్డాయి, నికర ఆదాయంలో మాత్రం వ్యక్తిగత సేద్యంతో సమానంగా నిలిచాయి. కూలి ఖర్చు ఆదా కావడమే ఇందుకు కారణం. కేరళ బృందాలు చిన్నవి. వాటికి బ్యాంకు రుణం, పంచాయతీ అండ, కూరగాయలు, అరటి వంటి వాణిజ్య పంటలు ఉన్నాయి. తెలంగాణ బృందాలు పెద్దవి, ఎక్కువగా ఆహార ధాన్యాలు పండించాయి, మంచి భూమి కౌలుకు దొరకడమే వాటికి కష్టమైంది. సంఘం విఫలమైందని ఈ ఫలితాలను చదవడం తొందరపాటు అవుతుంది. ఏ పంటకు, ఎంత పెద్ద బృందం, ఎటువంటి భూమిపై అన్న ప్రశ్నలకు అవి సమాధానాలు.

జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు మరొక మార్గం ఎంచుకొన్నాయి. 1990 దశకం మధ్యలో సంఘాల మహిళలు రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూమిని జొన్న సాగులోకి తెచ్చారు. పెట్టుబడిని ధాన్యం రూపంలో ఊరి నిధికి తిరిగి కట్టగా, ఆ ధాన్యాన్ని పేద కుటుంబాలకు తక్కువ ధరకు పంచారు. సాగు ఎవరి చేనులో వారిదే. ఉమ్మడిగా ఉన్నవి విత్తనం, ధాన్యం, నిర్ణయం. ఈ సంఘాల కృషికి 2019లో ఈక్వేటర్ పురస్కారం లభించింది. వరంగల్ మెట్ట ప్రాంతాలకు, ముఖ్యంగా పత్తిలో కంది, పెసర అంతరపంటలుగా వేసే చోట, ఈ నమూనా అనువైనదిగా తోస్తుంది.

పట్టా ఎవరి పేరున?

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో మహిళల పేరున ఉన్నవి సుమారు 14 శాతం మాత్రమే. తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే, దేశమంతటికంటే ఇరవై ఏళ్లు ముందుగా, అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా కల్పించింది. చట్టం వచ్చినా అమ్మాయి వాటాను కట్నంతో సరిపెట్టే ఆచారం పోలేదు.

దీని ప్రభావం సాగు పద్ధతులపై నేరుగా పడుతుంది. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగానే అందింది. భారత పత్తి సంస్థకు మద్దతు ధరకు అమ్మాలన్నా భూమి వివరాలు అడుగుతారు. కౌలుకు చేసే మహిళకు ఇవి దూరం. పైగా ఏటా చేతులు మారే కౌలు భూమిలో పశువుల ఎరువు వేయడం, గట్ల మీద గిరిపుష్పం నాటడం ఎవరికీ గిట్టదు, ఎందుకంటే వాటి ఫలితం మూడో ఏట గాని కనిపించదు. కనీసం మూడేళ్ల కౌలు ఒప్పందాన్ని వ్యక్తిగా కోరడం కంటే సంఘంగా కోరడం సులభం. సారం పెరిగిన భూమిని యజమాని వెనక్కు తీసుకొనే ప్రమాదం అప్పుడూ పూర్తిగా తొలగదు. కాని ఒప్పందం ఉంటుంది.

మార్కెట్ వైపు సంఘానికి రెండు సాధనాలు ఉన్నాయి. మొదటిది పీజీఎస్-ఇండియా ధ్రువీకరణ. ఐదుగురు రైతులైనా బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకొంటారు. బయటి సంస్థకు చెల్లించే రుసుము లేకపోవడం చిన్న రైతుకు ఊరట. రెండవది రైతు ఉత్పత్తిదారుల సంస్థ. 2020లో కేంద్రం ప్రకటించిన పది వేల సంస్థల పథకం కింద మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది సభ్యులు ఉండాలి. ఒక్కొక్క సభ్యునికి రెండు వేల రూపాయల వరకు వాటాధనానికి సమానంగా గ్రాంటు లభిస్తుంది. సభ్యత్వ పుస్తకంలో ఇంటికొక పేరు అన్న అలవాటు ఇక్కడా చొరబడితే, పత్తి ఏరిన చేతులకు వాటా దక్కదు. భార్యాభర్తలిద్దరినీ వేర్వేరుగా సభ్యులుగా చేర్చే నియమాన్ని సంస్థ నమోదు సమయంలోనే ఉపవిధుల్లో రాయించవలసి ఉంటుంది.

విస్తరణ పరిశోధనలో చేయదగిన చిన్న మార్పు ఒకటి ఉంది. ప్రదర్శన క్షేత్రాల నమోదు పత్రంలో కుటుంబ శ్రమ అన్న గడిని స్త్రీ, పురుష దినాలుగా విడగొట్టి, ప్రతి పనికీ నిర్ణయం ఎవరిదన్న మరొక గడి చేర్చాలి. పత్తి విత్తడానికి ముందే, మే నెలలో, ఒకే గట్టును పంచుకొనే చేల మహిళలను ఒక చోట చేర్చి మూడు విషయాలు తేల్చుకోవాలి. వేపకాయలు ఎవరు, ఏ రేటుకు ఏరాలి, బుట్టల లెక్క ఎవరు రాయాలి, జనవరిలో కట్టె కోసే యంత్రం ఎవరి పేరున బుక్ చేయాలి అన్నవి అవి. తొలకరి పడిన తరువాత వీటికి సమయం దొరకదు.