గొలుసు, సరము, పేరు: ఆభరణ పద వివేచనము

తెలుగు కావ్యములందు ఆభరణ వర్ణనలు విస్తారముగా కలవు. అచ్చట గొలుసు, సరము, పేరు, కంటె మున్నగు పదములు తటస్థించినప్పుడు 'భూషణవిశేషము' అని చెప్పి ముందునకు సాగుట పరిపాటి. ఆ అర్థము తప్పు కాదు, కాని చాలదు. ఈ పదముల నడుమగల భేదము ప్రధానముగా నిర్మాణమునకు సంబంధించినది.

గొలుసు అనగా లోహవలయములు ఒకదానిలో నొకటి దూరి ఏర్పడిన వరుస. దీనికి దారముతో పని లేదు. కంసాలి బంగారమును కమ్మచ్చు రంధ్రముల గుండ లాగి తీగెగా సాగదీయును. ఆ తీగెను సన్నని కడ్డీకి చుట్టి, చుట్లను కోసి వలయములు చేయును. ఒక్కొక్క వలయమును ముందటి దానిలో దూర్చి టంకముతో అతుకును. టంకము చక్కగా పారుటకు వెలిగారము తోడ్పడును. సరము అట్టిది కాదు. అది ముత్యములనో పూసలనో గ్రుచ్చిన వరుస. గొలుసు తెగినచో రెండు తునకలగును; సరము తెగినచో పూసలు రాలును. పేరు సైతము కూర్చినదియే. కాసులపేరున కొక్కెములు గల కాసులు ప్రక్కప్రక్కన చేరును. కంటె ఈ మూటిలో చేరదు. అది మెడచుట్టు నిలుచు కడ్డీ.

సంస్కృతమున హారములకు పెక్కు పేర్లు పేటల సంఖ్యను బట్టి ఏర్పడినవి. ఒంటిపేటది ఏకావళి, అందు 27 ముత్యములున్నచో నక్షత్రమాల, 100 పేటలది దేవచ్ఛందము. కౌటిల్యుని అర్థశాస్త్రము 1008 పేటల ఇంద్రచ్ఛందమును పేర్కొన్నది. కటిభూషణముల విషయమున అమరసింహుడు చేసిన విభాగము గమనింపదగినది: స్త్రీలది మేఖల, కాంచి, పురుషులది శృంఖలము. కావున పురుషవర్ణనమున శృంఖల శబ్దము కానవచ్చినంతనే సంకెల యని అర్థము చెప్పరాదు.

పదముల ప్రయాణమును విచిత్రమైనది. మనకు సామాన్యనామమైన గొలుసు తమిళమున కొలుసు అను రూపమున కాలి పట్టీకి పేరైనది. చెవి నగ నుండి తలకట్టు వరకు సాగు చెంపసరములను కొందరు చెంపస్వరాలని వ్రాయుదురు. స్వరముతో వానికి పొత్తు లేదు. నిర్మాణ మెరిగినవాడు ఈ పొరపాటు చేయడు.

నేడు గొలుసులను యంత్రములే విరివిగా అల్లుచున్నవి. చేతిపని తగ్గినకొలది దానితో పెరిగిన మాటలును మరుగుపడును. 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు ప్రథమ సంపుటము వ్యవసాయ పదములను రైతుల నోటినుండి సేకరించి మార్గము చూపినది. కావ్యముల నగలకు అర్థము నిర్ణయింపగోరు పరిశోధకుడు నిఘంటువుతోపాటు కంసాలి కొలిమిని గూడ ఆశ్రయింపవలెను. కమ్మచ్చును చూచినవానికి 'భూషణవిశేషము' అను సమాధానము తృప్తి నీయదు.