తప్పు చేసే హక్కు ఎవరికి? – బ్లాక్ కామెడీలో కథానాయిక

చావుని, నేరాన్ని, దరిద్రాన్ని నవ్వు పుట్టేలా చెప్పే సినిమాని బ్లాక్ కామెడీ అంటున్నాం. అందులో కథానాయిక పూర్తిగా మంచిదీ కాదు, పూర్తిగా చెడ్డదీ కాదు. తప్పు చేస్తుంది, అయినా దొరికిపోకూడదని మనమే కోరుకుంటాం. స్త్రీ అంటే పతివ్రత, కాకపోతే వ్యాంపు అనే పాత మూసని ఇది బద్దలు కొట్టిన మాట నిజమే. కానీ దళిత దృష్టితో ఇంకో ప్రశ్న వేయాల్సి ఉంది. తప్పు చేసి కూడా ప్రేక్షకుల సానుభూతి పొందే అవకాశం ఏ స్త్రీకి దక్కుతోంది?

2018లో నెల్సన్ దిలీప్‌కుమార్ తీసిన తమిళ చిత్రం ‘కోలమావు కోకిల’ చూద్దాం. తెలుగులో ‘కో కో కోకిల’గా వచ్చింది. నయనతార వేసిన కోకిల పాత్ర కింది మధ్యతరగతి పిల్ల. తల్లికి కేన్సరు. వైద్యానికి డబ్బుల్లేక కొకైన్ రవాణాలో దిగుతుంది. తర్వాత ఇంటిల్లిపాదీ దిగుతారు. హాస్యం ఎక్కడ పుడుతోంది? ఇంత నెమ్మదైన పిల్ల దగ్గర మత్తుమందు ఉంటుందని ఎవరూ అనుకోకపోవడంలో. అంటే నేరం చేయకముందే ఆమెకి నిర్దోషి అన్న ముద్ర ఉంది. ఆ ముద్రకి ఆమె మేనిరంగు, మెత్తని మాట, ఒద్దికైన నడత పూచీ పడుతున్నాయి. ఆమె వెంటపడే కొట్టు శేఖర్ (యోగిబాబు) రూపం మాత్రం నవ్వులాటకి సరుకైంది.

అదే సంచి ఒక ఎరుకల స్త్రీ చేతిలో ఉంటే? 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కొన్ని సమూహాల్ని పుట్టుకతోనే నేరస్థుల్ని చేసింది. మన దగ్గర ఎరుకల వాళ్లని స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952లో చట్టం రద్దయింది గానీ అనుమానం రద్దవలేదు. ఆమెని దారిలోనే ఆపి సంచి విప్పిస్తారు. కథ మొదటి రీల్లోనే అయిపోతుంది!

తాను దళితుడినని బహిరంగంగా చెప్పుకున్న దర్శకుడు నీరజ్ ఘేవాన్ 2021లో ‘గీలీ పుచ్చీ’ తీశారు. ‘అజీబ్ దాస్తాన్స్’ అనే హిందీ కథల సంపుటిలో ఇదొకటి. పూర్తి బ్లాక్ కామెడీ కాదు, కానీ చివర్లో చేదు నవ్వు ఉంది. ఫ్యాక్టరీ కార్మికురాలు భారతి మండల్ (కొంకణా సేన్ శర్మ) దళిత స్త్రీ. అర్హత ఉన్నా ఆమెకి రాని ఆఫీసు ఉద్యోగం బ్రాహ్మణ యువతి ప్రియా శర్మకి వస్తుంది. ఇద్దరూ దగ్గరవుతారు. కులం తెలిశాక ప్రియ వెనక్కి తగ్గుతుంది. అప్పుడు భారతి ఎత్తు వేస్తుంది. బిడ్డని కనమని ప్రియకి సలహా ఇస్తుంది, ఆ కుర్చీ తాను సంపాదిస్తుంది. ప్రియ అత్తగారింట్లో మిగతావాళ్లకి పింగాణీ కప్పులు, భారతికి స్టీలు గ్లాసు. మన టీ హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతే! ఆ గ్లాసులోనే టీ తాగుతూ, కోడలు మళ్లీ ఉద్యోగానికి రాకుండా చక్రం తిప్పుతుంది.

ఇది న్యాయమా? కాదు. తనలాగే స్త్రీని కోరుకునే ఇంకో స్త్రీని సంసారంలోకి నెట్టి తలుపేసింది. మనం పొగడనక్కర్లేదు. కానీ దళిత స్త్రీని ఏడ్చే బాధితురాలిగానో, జెండా పట్టిన వీరనారిగానో తప్ప చూడలేని అలవాటు సినిమాదే కాదు, మన రాతల్లోనూ ఉంది. మచ్చలేని మనిషిగా ఉంటేనే ఆమె గోడు వింటామంటే అదీ ఒక అంటరానితనమే. లెక్చరర్లు ఈ రెండు సినిమాల్నీ క్లాసులో పక్కపక్కన చూపించాలి. ఎవరి తప్పుకి నవ్వాం, ఎవరి తప్పుకి ఉలిక్కిపడ్డాం అని విద్యార్థుల్నే అడగాలి.